ఫైన్ తర్వాతి ప్రశ్న

హెడ్‌ఫోన్‌లో ముందు కుక్కర్ విజిల్ వినిపించింది. దాని వెనకాలే ఎవరో పెద్దాయన గొంతు సవరించుకున్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ తర్వాతే "ఫైన్. వెరీ ఫైన్" అన్నారు. నేను బరంపురంలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తాను. ఇంటికి వెళ్ళిపోయిన రోగులకు వారం తర్వాత ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందో కనుక్కోవడమే నా ఉద్యోగం. ఇక్కడ పేరు చూసి మనిషి ఇంట్లో ఒడియా మాట్లాడతాడో తెలుగు మాట్లాడతాడో చెప్పడం కష్టం. పాత్రో అని ఉంటే అటూ కావచ్చు, ఇటూ కావచ్చు. అందుకని మొదటి పలకరింపు ఇంగ్లీషులోనే. "గుడ్ మార్నింగ్ సర్, హౌ ఆర్ యూ ఫీలింగ్ నౌ?" అంటాను. నూటికి తొంభైమంది "ఫైన్" అనేస్తారు. ఆ మాట పడగానే కంప్యూటర్‌లో ఒక పచ్చ గడి నొక్కి తర్వాతి నంబరుకు వెళ్ళిపోవచ్చు. ఒక్కో కాల్‌కు మూడు నిమిషాలని మా వాళ్ళు పెట్టారు. ఆ సంగతి మొదటిరోజు విన్నప్పుడు నవ్వొచ్చింది నాకు. లెక్కగా మూడు నిమిషాలకు ఫోన్ పెట్టేసే మనిషి దగ్గరే నేను ఈ పని నేర్చుకున్నాను మరి.

ఆవిడ పేరు వరహాలమ్మ. బరంపురంలోనే హల్దియాపదర్ పేటలో అందరూ వరాలు పిన్ని అనేవారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, నాకూ లేకపోయింది, ఇప్పటికీ అది తెలుసుకోవాలనే ఉంది. పక్క వాటాలో తమ్ముడి కుటుంబం, ముందు వాటాలో ఈవిడ. సాయంత్రాలు వరండాలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి మాట్లాడే ఇంగ్లీషు నేర్పేవారు. బడిలో చదివిన ఇంగ్లీషు కాదు ఆవిడది. ట్రంకు కాల్స్ కలుపుతూ చెవితో పట్టుకున్నది. గ్రామర్ పుస్తకం ఇంట్లో ఒక్కటీ ఉండేది కాదు. మాది అస్కా. నాన్న చెరకు తోటల లెక్క చూసే చిన్న ఉద్యోగి. డిగ్రీ అయ్యాక నేను బరంపురంలో మా మేనత్త ఇంట్లో ఉండి పని వెతుక్కుంటున్నాను. నర్సింగ్ హోముల్లో రిసెప్షన్‌కు అమ్మాయిల్ని తీసుకుంటున్నారు గానీ ఇంగ్లీషు కావాలంటున్నారని అత్త నన్ను తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టింది.

మొదటిరోజు ఆవిడ నన్ను "హౌ ఆర్ యూ?" అని అడిగారు. బడిలో ఒకటో తరగతి నుంచీ నేర్పినదే కదా, "ఐయామ్ ఫైన్, థాంక్యూ, హౌ ఆర్ యూ?" అని ఒక్క గుక్కలో అప్పజెప్పాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను కిందికీ పైకీ చూశారు.

"ఫైనా? గేటు కాడ నుంచి కుంటుకుంటా ఒచ్చినావు. కొత్త సెప్పులు కరిసీసినాయి. మడమ మీద తోలు సూడు, ఎర్రగా అయిపోనాది. మరి ఫైనేటే గుంటా?"

"అలాగే అనాలి కదండీ" అన్నాను.

"ఎవులన్నారు? అడిగినోలు తలుపు కొట్టినారు. నువ్వు తలుపు తియ్యకుండా లోపల్నుంచి బాగున్నాం ఎల్లిపోండి అన్నావు. అంతే కదేటి."

ఆవిడ లోపలికి వెళ్ళి కొబ్బరి నూనె సీసా తెచ్చి నా చేతికిచ్చారు. నేను మడమకు రాసుకుంటుంటే పాఠం మొదలుపెట్టారు. ఆ వరండాలో "ఫైన్" అనే మాట నిషేధం. ఎవరైనా అంటే లేచి నిలబడి, ఒంట్లో నిజంగా ఉన్న సంగతి ఒక్కటైనా ఇంగ్లీషులో చెప్పి కూర్చోవాలి. మొదటి వారమంతా అక్కడ నేర్చుకునే మేం నలుగురం అమ్మాయిలం జలుబులూ, గ్యాసులూ, నిద్ర పట్టకపోవడాలూ వెతుక్కుంటూ గడిపాం. చిత్రమేమిటంటే, వెతికితే ప్రతివాళ్ళకీ ఏదో ఒకటి దొరికింది. రోజూ పక్కన కూర్చునే అమ్మాయికి ఏడాదిగా ఎడమ చెవి సరిగా వినిపించడం లేదని, అది వాళ్ళింట్లో ఎవరికీ తెలియదని, ఆ అమ్మాయి తప్పుల ఇంగ్లీషులో చెప్పినప్పుడే మాకు తెలిసింది. ఇంట్లో తెలుగులో చెప్పుకోలేనిది ఇక్కడెలా చెప్పిందా అని చాలా రోజులు ఆలోచించాను. అమ్మకు చెబితే అమ్మ ఏడుస్తుంది. ఇంగ్లీషులో చెబితే ఎవరూ ఏడవరు, అంతేనేమో.

ఒంట్లో ఎలా ఉందని అడగడం గురించి నాకు ఆసక్తి పుట్టించింది ఆవిడే. మా అస్కాలో ఎవరూ నేరుగా అడగరు. భోజనమయిందా అంటారు. చాలా రోజుల తర్వాత కనిపిస్తే, ప్రేమ ఉన్నవాళ్ళు చిక్కిపోయావంటారు. ఒళ్ళు చేశావని ఎవరైనా అన్నారంటే ఆ సాయంత్రం దిష్టి తీయాల్సిందే. జబ్బు చేసినవాళ్ళను చూడ్డానికి వెళితే జబ్బు తప్ప అన్నీ మాట్లాడి, లేచేటప్పుడు గుమ్మంలో ఇంటివాళ్ళను పక్కకు పిలిచి అడుగుతారు. జబ్బు పడ్డ మనిషిని మాత్రం ఎవరూ అడగరు. ఇంగ్లీషువాళ్ళేమో మనిషినే, మొహం మీదే అడుగుతారు, కానీ జవాబు వినడానికి ఆగరు. ఈ మాట వచ్చినప్పుడల్లా పిన్ని, "రెండూ తప్పే. ఎవుల్ని అడగాలో ఆలనే అడుగు, అడిగి కాసుకోని ఉండు" అనేవారు.

అప్పుడే ఆవిడ ఆదివారం కాల్ గురించి చెప్పారు. ఆవిడ ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, బరంపురంలో ఒక బ్యాంకు ఆఫీసరు ప్రతి ఆదివారం పొద్దున్నే విశాఖపట్నంలో ఉన్న తండ్రికి ట్రంకు కాల్ బుక్ చేసేవాడు. ఇద్దరూ తెలుగువాళ్ళే. కానీ ఫోనంటే ఇంగ్లీషే మాట్లాడాలనుకునేవారు కాబోలు. హౌ ఆర్ యూ డాడీ, ఫైన్, హౌ ఆర్ యూ, ఫైన్, హౌ ఈజ్ ది వెదర్. ఒక్కో ట్రంకు కాల్‌కు ఇచ్చే మూడు నిమిషాలూ అలాగే అయిపోయేవి. ఆపరేటర్లు వినకూడదు. కానీ లైను నిలిచిందో లేదో చూసే వంకతో వినేవారు. ఒక ఆదివారం ఆ తండ్రి ఫైన్ అనే ముందు కొంచెం ఆగాడట.

"ఎంత ఆగాడండీ?" అని అడిగాను.

"ఊపిరి తీసుకున్నంత. అంతే. నాకు మాత్రం ఒల్లు జల్లుమన్నాది. మూడు నిమిషాలు అయిపోనాయి, నేను లైను తెంపీయాల. తెంపకుండా మధ్యలోకి ఎల్లి, సార్, ఇంకో మూడు నిమిషాలు ఇస్తన్నాను, ఈలోగా నాయిన్ని ఏటి తిన్నారో అడగండి అన్నాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. అడిగినాడు. ఆ పెద్దాయన తెలుగులోకి ఒచ్చీసినాడు. నాలుగు రోజులై పొయ్యి ముట్టించనేదు బాబూ అన్నాడు."

"తర్వాత?"

"తర్వాతేటయిందో నాకేటి తెలుసు? లైను ఒదిలీసి నా పని సూసుకున్నాను. ఆపరేటరుకి ముగింపులు తెలవ్వే ఉషా."

నాకు మాత్రం ఆ పెద్దాయన ఏమయ్యాడో తెలియకుండా నిద్ర పట్టలేదు. మర్నాడు మళ్ళీ అడిగాను. ఆవిడ నవ్వి, అలా తెలుసుకోవాలనిపించడమే ఈ పనికి కావలసిన అర్హత అన్నారు. ఫైన్ తర్వాత అడిగే రెండో ప్రశ్నే అసలు ప్రశ్న అని ఆ రోజు నేర్చుకున్నాను.

ఆవిడ పద్ధతి ఒకటుండేది. సాయంత్రం ఆరింటికి మాలో ఒకరు ఆవిడకు ఫోన్ చేయాలి. రెండు వీధుల అవతల ఉన్న మనిషికి ఫోనేమిటని మా అత్త నవ్వేది. ఆవిడ రోజుకో రోగి వేషం కట్టేవారు. ఒకరోజు మోకాళ్ళ నొప్పుల చెరకు రైతు. ఒకరోజు సోనేపూర్‌లో చేపలమ్ముకునే ముసలమ్మ, దగ్గు. ఇంకోరోజు చక్కెర జబ్బు ఉండి దొంగతనంగా మిఠాయి తినే రిటైర్డు హెడ్‌మాస్టరు. గొంతు మార్చేసేవారు, దగ్గేవారు, విసుక్కునేవారు, కోపం నటించేవారు. ఇంగ్లీషులో పలకరించి, రెండో ప్రశ్న అడిగి, నిజం బయటికి లాగాలి. మూడు నిమిషాలవగానే, అచ్చంగా పాత ఉద్యోగం గొంతుతో, "త్రీ మినిట్స్ ఓవర్" అని ఆవిడే ఫోన్ పెట్టేసేవారు. లైను తెంపే హక్కు మాకు లేదు. ఒకసారి నేను ముందే పెట్టేస్తే మర్నాడు నాతో మాట్లాడలేదు.

నాకు ఒక నర్సింగ్ హోములో ఇంటర్వ్యూ ఖాయమైంది. దానికి ముందురోజు సాయంత్రం ఫోన్ చేసే వంతు నాది. నాన్నకు ఆ ఏడు ఒంట్లో బాగుండటం లేదు, ఆ ఉద్యోగం నాకు చాలా అవసరం. అద్దం ముందు నిలబడి మాటలు సరిచూసుకుని, చేతి గడియారం ఎదురుగా పెట్టుకుని నంబరు నొక్కాను. చాలాసేపు మోగాక ఎత్తారు.

"గుడ్ ఈవినింగ్ మేడమ్, హౌ ఆర్ యూ ఫీలింగ్ టుడే?"

"మై హ్యాండ్..." అని ఆగారు. "రైట్ హ్యాండ్ ఈజ్... స్లీపింగ్. ద కప్ ఈజ్ ఆన్ ద ఫ్లోర్."

మాట ముద్దగా ఉంది, నాలుక మడతపడినట్టు ఉంది. ఎంత బాగా నటిస్తున్నారో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఐయామ్ సారీ టు హియర్ దట్ మేడమ్ అన్నాను, ఎక్కడా తడబడకుండా. ఎప్పట్నుంచి అని అడిగితే "టీ టైమ్" అన్నారు. ఇంట్లో ఎవరున్నారని అడిగాను. రెండో ప్రశ్నే కాదు, మూడోదీ నాలుగోదీ కూడా అడిగాను. "నో వన్. వెడ్డింగ్" అన్నారు. ఆ తర్వాత ఏదో మొదలుపెట్టి, మాట దొరక్క ఆగిపోయారు. గడియారంలో మూడు నిమిషాలయ్యాయి. రేపు ఇంటర్వ్యూలో టైము పాటించడం కూడా చూస్తారని ఎవరో చెప్పారు. "ప్లీజ్ టేక్ రెస్ట్ మేడమ్, గెట్ వెల్ సూన్" అని ఫోన్ పెట్టేశాను. నేనే పెట్టేశాను.

వంటింట్లోకి వెళ్ళి, ఒక్క తప్పు లేకుండా మాట్లాడానని అత్తకు చెప్పాను. అత్త దోసెలు పోస్తోంది. నేను పీట మీద కూర్చుని నాలుగు దోసెలు తిన్నాను, ఇంటర్వ్యూకు ఏ చీర కట్టుకోవాలో మాట్లాడుకున్నాం. ఇస్త్రీ కూడా చేసుకున్నాను. దాదాపు గంట గడిచింది. అత్త చేతులు తుడుచుకుంటూ, మాటవరసకు అన్నట్టు, "ఇంతకీ ఆవిడికి కులాసాయేనేటే?" అంది.

మా అత్తకు ఇంగ్లీషు ముక్క రాదు.  పిన్ని ఇవాళ కట్టిన వేషం ఎవరిదో గుర్తు చేసుకోబోయాను. రైతు కాదు, చేపలమ్మే ముసలమ్మ కాదు. ఎవరి గొంతూ కాదది, ఆవిడ గొంతే. త్రీ మినిట్స్ ఓవర్ అని కూడా ఎవరూ అనలేదు. మళ్ళీ ఫోన్ చేశాను. ఎంగేజ్‌డ్ వచ్చింది. ఇస్త్రీ చీర నేల మీద పడేసి పరుగెత్తాను.

ఆవిడ ఫోను బల్ల పక్కన నేల మీద గోడకు చేరబడి ఉన్నారు. రిసీవర్ ఒళ్ళో ఉంది. టీ కప్పు ముక్కలు ఆవిడ చెప్పినట్టే నేల మీద ఉన్నాయి. తమ్ముడి కుటుంబమంతా ఛత్రపురం పెళ్ళికి వెళ్ళింది, అదీ ఆవిడ చెప్పారు. నాకన్నీ చెప్పారు. వీధివాళ్ళు ఆటో పిలిస్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు డాక్టరు. ఎంతసేపయిందని అడిగారు. టీ తాగేటప్పుడు మొదలైంది, ఆరింటికి ఫోన్‌లో మాట్లాడారు, ఇప్పుడు ఏడున్నర అని నేనే చెప్పాను. ఇంకొంచెం ముందు తెస్తే బాగుండేదని ఆయన మామూలుగా అన్నారు. ఎంత ముందైతే ఎంత బాగుండేదో నేను అడగలేదు. నాకు రెండో ప్రశ్న అడగడానికి భయమేసిన రోజు అదొక్కటే. మర్నాటి ఇంటర్వ్యూకు వెళ్ళలేదు.

ఆవిడ బతికారు. కుడి చెయ్యి కొంచెం కదిలింది, కర్ర పట్టుకుని నడిచారు. మాట మాత్రం పోయింది. తెలుగూ పోయింది, ఒడియా పోయింది, ఇంగ్లీషూ పోయింది. ఒక్క మాట మిగిలింది. "ఫైన్." ఆకలేస్తే ఫైన్, కోపమొస్తే ఫైన్, తమ్ముణ్ణి పిలవాలన్నా ఫైన్. జన్మలో ఎక్కువసార్లు విన్నవీ అన్నవీ ఒక్కోసారి అలా మిగిలిపోతాయని డాక్టరు చెప్పారు. ఆవిడ ఆ మాటను మాకు నిషేధించారని ఆయనకు తెలియదు. ముప్ఫై ఏళ్ళు చెవిలో పోసుకున్న అందరి ఫైన్‌లూ ఆవిడ లోపల ఎక్కడ దాక్కున్నాయో, అదే ఎందుకు బయటికొచ్చిందో, నాకిప్పటికీ అర్థం కాదు.

నేను రోజూ వెళ్ళేదాన్ని. తప్పు చేశాననే వెళ్ళానని ఇప్పుడు ఒప్పుకుంటాను. కానీ వారం తిరిగేసరికి కుతూహలం కూడా లాక్కెళ్ళింది. ఫైన్‌లన్నీ ఒకటి కావు. కిందికి దిగే ఫైన్ నొప్పి. తెగ్గొట్టిన ఫైన్ వద్దని. సాగదీసినది, ఏదో గుర్తొచ్చి చెప్పలేకపోతున్నారని. ఒకరోజు మొహం చిట్లించి ఫైన్ ఫైన్ ఫైన్ అని అరుస్తున్నారు. ఆవిడ మరదలు బెంబేలెత్తి, "పొద్దున్నుంచి ఇదే గోల. కడుపు నొప్పేమోనని మాత్ర కూడా ఏసినాను" అంది. నేను ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే అడిగాను. అవునంటే ఎడమ చేత్తో నా వేలు నొక్కాలి. కడుపా, కాదు. కాలా, కాదు. ఎండా, కాదు. ఇరవై ప్రశ్నలయ్యాక, తలా అన్నాను. వేలు నొక్కారు. జడ బిగించి వేశారంతే. జడ విప్పగానే "ఫైన్" అన్నారు, కళ్ళు మూసుకుని, ఎంత హాయిగానో. ఆ ఒక్కసారే ఆ మాటకు పుస్తకంలో ఉన్న అర్థం విన్నాను.

అలా రెండేళ్ళు గడిచాయి. ఈలోగా నాకు ఒకచోట చిన్న ఉద్యోగం దొరికింది. నాన్న పోయారు. పన్నెండో రోజు అయ్యాక అస్కా నుంచి తిరిగొచ్చి పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఆవిడకు ఎవరూ చెప్పినట్టు లేదు. నేనూ చెప్పదలచుకోలేదు. రోజూలాగే కుర్చీ లాక్కుని, "హౌ ఆర్ యూ పిన్నిగారూ?" అన్నాను.

ఆవిడ మొదటిరోజు చూసినట్టే కళ్ళజోడు పైనుంచి నన్ను కిందికీ పైకీ చూశారు. తర్వాత ఆ ఉన్న ఒక్క మాటనే పైకెత్తి అడిగారు.

"ఫైన్?"

"ఫైనండీ" అన్నాను.

ఆవిడ ఎడమ చేత్తో నా వేలు పట్టుకున్నారు. వీధిలో ఎవరో సైకిలు మీద గంట కొట్టుకుంటూ వెళ్ళారు. అది వెళ్ళిపోయేదాకా ఆగి, ఇంకా మెల్లగా, మళ్ళీ "ఫైన్?" అన్నారు. రెండో ప్రశ్న అది. నేను తలుపు తీసేశాను. నాన్న చివరి రోజుల్లో నీళ్ళు కూడా మింగలేకపోవడం, నేను ఒక పూట ఆలస్యంగా చేరడం, అంతకుముందు ఎప్పుడో ఆరింటికి ఫోన్ పెట్టేసి దోసెలు తినడం, అన్నీ కలిపి తెలుగులో చెప్పి ఏడ్చాను. ఆవిడ వేలు వదల్లేదు. ఎన్ని నిమిషాలో తెలియదు. లైను తెంపే హక్కు ఆవిడదే కదా, తెంపలేదు.

ఆ ఏడాది వానాకాలంలో ఆవిడ పోయారు. మళ్ళీ పక్షవాతం, ఈసారి ఎవరూ ఏమీ చేయడానికి లేకపోయింది. మొదటిసారి ఫోన్ పెట్టేశాక నేను పోగొట్టిన ఆ గంట నాదేనని నాకు తెలుసు. దాన్ని ఎవరికీ ఇచ్చేయలేను. ఇచ్చేయాలని కూడా లేదిప్పుడు. అది నాతో ఉంది కాబట్టే ఫోన్ పెట్టేయడానికి నా చెయ్యి తొందరపడదు. మా సూపర్‌వైజరు నెలకోసారి నన్ను పిలిచి, నా కాల్స్ అందరికన్నా పొడుగని కోప్పడతాడు. వింటాను. మళ్ళీ అలాగే చేస్తాను.

ఇవాళ పొద్దున్న ఆ పెద్దాయన కూడా వెరీ ఫైన్ అన్నాక ఆగిపోయారు. తెరమీద పచ్చ గడి వెలుగుతోంది. "ఏం తిన్నారండీ పొద్దున్న?" అని తెలుగులో అడిగాను, తెలుగువారో కాదో తెలియకుండానే. అవతల కుక్కర్ ఆగిపోయింది. మూడు నిమిషాలు దాటిపోయాయి.

"ఏటమ్మా," అన్నారు చివరికి, "నువ్వింకా లైన్లోనే ఉన్నావేటి?"

"ఉన్నానండీ," అన్నాను. "చెప్పండి."